ఆగని చక్రం: మూడు వందల ఏళ్ల నాటి బెస్లర్ యంత్రం ఎలా తిరిగి ఉంటుంది?

1717 నవంబరు 12న జర్మనీలోని కాసెల్ దగ్గర వైసెన్‌స్టైన్ కోటలో ఒక గదిని మూసి, తలుపులకు సీళ్లు వేశారు. లోపల 12 అడుగుల ఎత్తున్న చక్రం ఒకటి నిమిషానికి 26 చుట్ల చొప్పున తిరుగుతోంది. దాన్ని తిప్పడానికి నీళ్లు పారడం లేదు, గాలి వీచడం లేదు, గానుగెద్దు లేదు. రెండు వారాల తర్వాత, నవంబరు 26న, సీళ్లు తీసి చూశారు. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ సీళ్లు వేశారు. 1718 జనవరి 4న తెరిచినప్పుడూ అది అదే వేగంతో తిరుగుతోంది. మొత్తం 54 రోజులు. ఆ ప్రాంతాన్ని ఏలే కార్ల్ ప్రభువు చక్రం నిజమైనదేనని సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు.

ఇంత పాత కథ ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. కరెంటు లేకుండా కరెంటు పుట్టిస్తామనే వీడియోలు మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వస్తున్నాయి. అయస్కాంతాలు బిగించిన చక్రం, తనంతట తాను తిరిగే మోటారు, ఒకసారి కొంటే జన్మంతా బిల్లు లేదనే మాట. సోలాపూర్‌లో మరమగ్గాలు నడుపుకునే మన వాళ్లకు నెలాఖరులో కరెంటు బిల్లు ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. అలాంటి ఇంట్లో ఈ మాటకు ఆశపడటం తప్పు కాదు. డబ్బు కట్టేముందు బెస్లర్ కథ తెలిసి ఉంటే మంచిదని మేము అనుకుంటున్నాం. ఎందుకంటే ఆ చక్రాన్ని పరీక్షించినవాళ్లు అమాయకులు కారు, యూరప్‌లోకెల్లా తెలివైనవాళ్లు.

ఎవరీ బెస్లర్

యోహాన్ ఎర్నెస్ట్ ఎలియాస్ బెస్లర్ 1680 ప్రాంతంలో సాక్సనీలోని జిట్టావు దగ్గర పుట్టాడు. గడియారాల పని, వడ్రంగం, కొంత వైద్యం నేర్చుకున్నాడు. తనకు తాను ఓర్ఫిరేయస్ అని పేరు పెట్టుకున్నాడు. లాటిన్ అక్షరాలు ఇరవై ఆరింటినీ గుండ్రంగా పేర్చి, తన ఇంటిపేరులోని ఒక్కో అక్షరానికి బదులు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అక్షరాన్ని తీసుకుంటే ‘ఓర్ఫిరే’ వస్తుంది. చివర లాటిన్ తోక తగిలించాడు. పేరులోనే గుట్టు దాచుకున్న మనిషి అన్నమాట.

1712 జూన్‌లో గేరా పట్టణంలో మొదటి చక్రాన్ని జనానికి చూపించాడు. అది సుమారు మూడున్నర అడుగులది. 1713లో డ్రాష్విట్జ్‌లో తొమ్మిది అడుగులకు పైబడిన చక్రం కట్టాడు. గొప్ప గణితజ్ఞుడు లైబ్నిట్జ్ 1714లో దాన్ని చూడటానికి వెళ్లాడు. 1715లో మెర్సెబర్గ్‌లో ఇంకా పెద్దది కట్టి, అక్టోబరు 31న పెద్దమనుషుల ముందు పరీక్ష పెట్టించుకున్నాడు. తర్వాత కార్ల్ ప్రభువు అతన్ని కాసెల్‌కు పిలిపించి, కొలువిచ్చి, కోటలోనే నివాసం ఇచ్చాడు. సీళ్లు వేసిన చక్రం అక్కడ కట్టిందే.

చక్రం లోపల ఏముందో మాత్రం ఎవరికీ చూపలేదు. రెండు పక్కలా మైనపు గుడ్డ కప్పి ఉంచేవాడు. చూడాలంటే లక్ష థాలర్లు ఇవ్వాలి. ఆ రోజుల్లో అది ఎస్టేటు కొనుక్కోగల సొమ్ము. ప్రభువు ఒక్కడే లోపల చూశాడు. ఒకసారి చూస్తే వడ్రంగి దగ్గర పనిచేసే కుర్రాడు కూడా చేయగలడన్నంత సులువుగా ఉందని ఆయన అన్నట్టు చెబుతారు. 1721లో చక్రాన్ని పరీక్షించిన ఆస్ట్రియా శిల్పి ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్, ఒక్కో చుట్టులో సుమారు ఎనిమిది బరువులు మెల్లగా పడుతున్న చప్పుడు వినిపించిందని రాశాడు.

బరువులు పడితే చక్రం తిరగదా?

తిరుగుతుందనే చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. వాళ్ల ఊహ ఇలా ఉంటుంది. చక్రం అంచున కీళ్లతో బరువులు వేలాడదీయాలి. దిగే పక్కన బరువులు బయటికి విచ్చుకుని ఇరుసుకు దూరంగా ఉంటాయి. ఎక్కే పక్కన లోపలికి ముడుచుకుని ఇరుసుకు దగ్గరగా ఉంటాయి. దూరంగా ఉన్న బరువుకు బలం ఎక్కువ కాబట్టి ఆ పక్కే ఎప్పుడూ దిగుతూ ఉండాలి. సుమారు 1230లో ఫ్రాన్స్‌లో విల్లార్ ద హోనెకూర్ అనే శిల్పి గీసిన చక్రం ఈ పద్ధతిదే.

మన దేశంలో ఈ ఊహ అంతకన్నా పాతది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బోలుగా ఉన్న ఆకులలో సగం వరకు పాదరసం పోసి మూసిన చక్రం ఉంది. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో, యంత్రాల అధ్యాయంలో, దాన్ని మళ్లీ వర్ణించాడు. ఆయనది బీజాపూర్ వైపా, ఖాందేశ్ వైపా అని కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఆయన గ్రంథాలు చదివించడానికి మనవడు చంగదేవుడు పెట్టిన మఠం తాలూకు శాసనం చాలీస్‌గావ్ దగ్గర పాటణలో ఉంది. అంతటి గణితజ్ఞుడు రాశాడు కదా అని ఆ చక్రం తిరిగిందని అనుకోనక్కరలేదు. అది పుస్తకంలోని వర్ణన. గుంపుల ముందు తిప్పి చూపినవాడు బెస్లర్.

ఊహలో లోపం ఎక్కడుందో కావడి మోసినవాళ్లకు తొందరగా తెలుస్తుంది. కావడిబద్దను భుజం మీద నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిపి పెట్టుకున్నామనుకోండి. పొడుగు పక్కన ఒక బిందె, పొట్టి పక్కన రెండు బిందెలు ఉంటే కావడి నిలకడగా నిలబడుతుంది. చక్రంలో జరిగేదీ అదే. బయటికి విచ్చుకున్న పక్కన ఏ క్షణం చూసినా బరువులు తక్కువ ఉంటాయి, ముడుచుకున్న పక్కన ఎక్కువ ఉంటాయి. దూరంతో వచ్చిన లాభం సంఖ్యలో పోతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి బరువూ ఎంత దిగిందో అంతే ఎక్కింది. మిగిలింది ఏమీ లేదు, ఇరుసు దగ్గర రాపిడికి పోయిన ఖర్చు తప్ప. పాదరసమైనా ఇనుప గుండైనా అయస్కాంతమైనా ఈ జమాఖర్చు మారదు.

శక్తి పుట్టదు, నశించదు అని హెల్మ్‌హోల్ట్జ్ సూత్రంగా రాసింది 1847లో. అంటే బెస్లర్ చక్రాన్ని చూసినవాళ్లకు ఆ సూత్రం చేతిలో లేదు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాలను ఇక పరిశీలించబోమని తీర్మానించింది కూడా 1775లోనే. అందుకే ఆ పరీక్షకులను చూసి నవ్వడం తేలిక, కాని న్యాయం కాదు. అయితే లైబ్నిట్జ్ విషయంలో ఒక వింత ఉంది. ఎప్పటికీ ఆగని యంత్రం అసాధ్యం అనే మాటను ఆధారం చేసుకునే ఆయన 1686లో డెకార్ట్ లెక్కను తప్పుపట్టాడు. అదే మనిషి డ్రాష్విట్జ్‌లో చక్రం ముందు ఆసక్తిగా నిలబడ్డాడు.

లెక్క వేసి చూద్దాం

చక్రం తనంతట తాను తిరగలేదంటే శక్తి ఎక్కడి నుంచో రావాలి. ఎంత రావాలి? ఇక్కడ మేము వేసింది అంచనా లెక్క. చక్రం బరువు 300 కిలోలు అనుకుందాం. ఇరుసు రెండు కొసల్లోనూ ఇనుప ములుకులు ముప్పావు అంగుళం మందం మాత్రమే ఉండేవని అప్పటి వర్ణనలు చెబుతాయి. ములుకు ఎంత సన్నమైతే రాపిడి అంత తక్కువ. మామూలు రాపిడి లెక్కతో, నిమిషానికి 26 చుట్లు తిప్పడానికి 7 లేదా 8 వాట్లు చాలు. గాలి అడ్డును కలిపినా ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తినేంత.

ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. 54 రోజులకు కూడితే సుమారు 10 యూనిట్ల కరెంటు. ఈ 10 యూనిట్లను గడియారంలోలాగా కిందికి దిగే బరువులో దాచాలంటే, మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగే బరువు 1,200 టన్నులు ఉండాలి. చక్రం మందం 14 అంగుళాలు. కాబట్టి కాసెల్ చక్రం లోపల తాళంచెవితో తిప్పిన స్ప్రింగో బరువో ఉండి అది 54 రోజులు నడిపిందనే మాట నిలవదు. వాతావరణ పీడనం మార్పులతో నడిచే గడియారాన్ని 1760లలో లండన్‌లో జేమ్స్ కాక్స్ చేయించాడు. అది నిజంగా నడిచింది. కాని అలా దొరికే శక్తి గడియారం ముళ్లకు సరిపోతుందే గాని 12 అడుగుల చక్రానికి కాదు.

మరి 70 పౌండ్ల ఇటుకల పెట్టెను తాడుతో పైకి లాగిందిగా? లాగింది, నిజమే. కాని అంత బరువైన చక్రం తిరుగుతున్నప్పుడు దాని వేగంలోనే కొంత శక్తి నిలవ ఉంటుంది. మా అంచనా ప్రకారం ఆ నిలవ 32 కిలోల పెట్టెను ఐదారు మీటర్లు లేపడానికి సరిపోతుంది. ఒకసారి పెట్టె లేపి చూపితే చక్రానికి సొంత బలం ఉందని రుజువు కాదు. పెట్టెను దింపుతూ లేపుతూ గంటలకొద్దీ చేయించి, చేసిన పనిని కొలిస్తే అప్పుడు సంగతి తెలిసేది. ఆ పరీక్ష ఎవరూ చేయలేదు.

సీళ్ల పరీక్ష కూడా చూసినంత గట్టిది కాదు. 54 రోజులూ చక్రం తిరిగిందని ఎవరూ చూడలేదు. మూసినప్పుడు తిరుగుతోంది, నవంబరు 26న తిరుగుతోంది, జనవరి 4న తిరుగుతోంది. మధ్యలో గదిలో మనిషి లేడు, పరీక్ష పద్ధతే అది. సీలు తలుపును కాపాడుతుంది. గోడను కాపాడదు.

పనిమనిషి చెప్పిన మాట

1727లో బెస్లర్ ఇంట్లో పనిచేసిన అన్నే రోసినే మావర్స్‌బెర్గర్ బయటికి వచ్చి అధికారుల ముందు వాంగ్మూలం ఇచ్చింది. చక్రాన్ని పక్కగదిలోంచి తిప్పేవాళ్లమని చెప్పింది. తాను, బెస్లర్ భార్య, అతని తమ్ముడు, బెస్లర్ వంతులవారీగా తిప్పేవాళ్లమంది. చక్రాన్ని నిలబెట్టిన స్తంభాలు లోపల బోలుగా ఉన్నాయని, వాటిలో సన్నని పొడుగాటి ఇనుప కమ్మీ ఉండి ఇరుసు ములుకుకు తగిలేదని, తిప్పే పని బెస్లర్ పడకగదిలో మంచం వెనక జరిగేదని చెప్పింది. అంతకు పదేళ్ల ముందే బోర్లాఖ్ అనే విమర్శకుడు, పక్కగదిలో మనిషి తిప్పుతున్నట్టు బొమ్మ చెక్కించి పంచిపెట్టాడు.

ఆమె మాటను ఎక్కువమంది పండితులు పట్టించుకోలేదు. వారిలో ముఖ్యుడు లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గ్రావెసాండ. ఈయన మామూలు మనిషి కాదు. మెత్తటి మట్టిలోకి ఇత్తడి గుండ్లు జారవిడిచి, వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుందని చూపినవాడు. 1721లో ఆయన కాసెల్ చక్రాన్ని పరీక్షించి, ఇరుసు కొసలు చూసి, బయటి నుంచి ఏ సంబంధమూ కనబడలేదని న్యూటన్‌కు ఉత్తరం రాశాడు. పనిమనిషి వాంగ్మూలం సంగతి విన్నాక, యంత్రాల గురించి పనివాళ్లు చెప్పేదాన్ని తాను లెక్కచేయనన్నాడు. బెస్లర్‌కు పిచ్చి అని ఒప్పుకున్నాడు, మోసగాడనడానికి ఆధారం లేదన్నాడు, ఆమె చెప్పింది మాత్రం అబద్ధమని గట్టిగా అన్నాడు.

ఇక్కడ మేము గ్రావెసాండతో ఏకీభవించలేకపోతున్నాం. ఆమె చెప్పినదాన్ని మన ఇళ్లలో ఉండే తొక్కుడు కుట్టుమిషను పక్కన పెట్టి చూడండి. కాలికింద పలక, దాని నుంచి పైకి సన్నని కమ్మీ, కమ్మీ కొస చక్రానికి కొంచెం పక్కగా తగిలి ఉంటుంది. కమ్మీ పైకీ కిందికీ కదిలితే చక్రం గుండ్రంగా తిరుగుతుంది. స్తంభంలో దాచిన కమ్మీ సరిగ్గా ఈ పని చేయగలదు. బెస్లర్ తానే వేయించిన బొమ్మల్లో ఇరుసు కొసన వంకర పిడి, దానికి వేలాడే లోలకం కనిపిస్తాయి. అంటే ఆ చోట పక్కకు తగిలే ముక్క ఉండటం ఎవరికీ అనుమానం కలిగించదు.

అసలు సంగతి ఇంకొకటి. మిషను తొక్కేవాళ్లకు తెలుసు, చక్రం ఆగి ఉన్నప్పుడు చేత్తో కొంచెం తిప్పి వదలాలి. ముందుకు తిప్పితే ముందుకు, వెనక్కి తిప్పితే వెనక్కి పోతుంది. దారం తెగేది అప్పుడే. మెర్సెబర్గ్, కాసెల్ చక్రాల స్వభావం అచ్చం ఇదే. ఆపితే ఆగి ఉండేవి. వేలితో కొంచెం నెడితే, నెట్టిన వైపు రెండు మూడు చుట్లలో పూర్తి వేగం అందుకునేవి. ఎటైనా తిరిగేవి. దాన్ని అప్పట్లో మహా అద్భుతంగా చెప్పుకున్నారు. ఎందుకంటే గేరా, డ్రాష్విట్జ్‌లలోని పాత చక్రాలు ఒకే వైపు తిరిగేవి, తాడుతో కట్టకపోతే వాటంతటవే బయలుదేరేవి. లోపల గడియారం మాదిరి స్ప్రింగు ఉందని విమర్శకులు అంటే, దానికి జవాబుగా బెస్లర్ రెండు వైపులా తిరిగేదాన్ని తెచ్చాడు. స్ప్రింగు అనుమానం పోయింది. కాని అతను స్ప్రింగుకు బదులు మనిషి కాలో చెయ్యో పెట్టి ఉంటే స్వభావం ఎలా మారాలో సరిగ్గా అలాగే మారింది.

లెక్క కూడా కలుస్తుంది. రెండు మూడు చుట్లలో పూర్తి వేగం అందాలంటే ఏడెనిమిది సెకన్లపాటు 200 నుంచి 250 వాట్లు కావాలి. బలమైన మనిషి కొద్దిసేపు ఇవ్వగలిగింది అంతే. ఆ తర్వాత వేగం నిలపడానికి కావలసింది 7, 8 వాట్లు. ఇది ఇంట్లో ఆడవాళ్లు వంతులేసుకుని చేయగల పని. తిరగలి తిప్పడం ఇంతకన్నా కష్టం.

ఈ వాదానికి ఎదురుగా నిలిచేవి రెండు ఉన్నాయి, వాటినీ చెప్పాలి. మెర్సెబర్గ్‌లో చక్రాన్ని ఒక స్తంభాల జత మీంచి ఇంకో జత మీదికి మార్చి చూపించాడు. గ్రావెసాండ ఇరుసు కొసలను దగ్గర్నుంచి చూశానన్నాడు. మొదటిదానికి రెండు జతలూ బోలుగా ఉంటే సరిపోతుంది. రెండోదానికి సూటి జవాబు లేదు. ఆయన చూసింది కమ్మీ విడదీసి ఉన్నప్పుడా, కమ్మీ చోటు పోల్చుకోలేకపోయాడా అనేది ఇప్పుడు తేల్చలేం. ఎందుకు తేల్చలేమంటే, ఆ పరీక్ష జరిగాక బెస్లర్ చక్రాన్ని ముక్కలుగా పగలగొట్టాడు. డబ్బివ్వకుండా గుట్టు లాగాలని చూశాడంటూ, గ్రావెసాండ ఆరాటమే ఇందుకు కారణమని గోడమీద రాశాడు.

మేము దీన్ని రుజువు అనడం లేదు. చక్రం లేదు, స్తంభాలు లేవు. కాని మిగిలిన ఊహలన్నీ లెక్క దగ్గర ఆగిపోతుంటే, పనిమనిషి మాట ఒక్కటే లెక్కకు నిలుస్తోంది. ఆమె రోజూ ఆ ఇంట్లో ఉంది. పండితులు వచ్చి కొన్ని గంటలు చూసి వెళ్లారు. ఎవరి మాట వినాలన్నప్పుడు వాళ్లు చదువు చూశారు, దగ్గరగా ఉన్నదెవరో చూడలేదు.

ఇప్పుడు ఎవరైనా అలాంటిది చూపిస్తే

యంత్రం తిరుగుతోందా లేదా అని చూడకండి. తిరుగుతుంది, వీడియోలో ఎప్పుడూ తిరుగుతుంది. దానికి మీరే తెచ్చిన బల్బో, ఫ్యానో, మగ్గం మోటారో తగిలించి, మీ చోట, మీ బల్ల మీద, పగలూ రాత్రీ కలిపి కొన్ని రోజులు నడపమనండి. మధ్యలో యూనిట్లు లెక్కపెట్టే మామూలు మీటరు ఒకటి పెట్టండి. లోపలి బ్యాటరీలో ఎంత పట్టగలదో దానికి చాలా రెట్లు బయటికి వచ్చేదాకా నమ్మకండి. విప్పి చూపించడం కుదరదు, ముందు అడ్వాన్సు కట్టండి అంటే అది లక్ష థాలర్ల మాటే.

పేటెంటుకు పెట్టాం అనే కాగితం చూపిస్తే దానికీ లొంగకండి. దరఖాస్తు ఎవరైనా పెట్టవచ్చు. స్థిరపడిన ప్రకృతి నియమాలకు విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా గుర్తించకూడదని మన 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది. సోలారు పలక వేరు, గాలిమర వేరు. వాటికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తలెత్తితే కనిపిస్తుంది.

బెస్లర్ ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు బతికాడు. చక్రం కొంటాడనుకున్న రష్యా జార్ పీటర్ దాన్ని చూడకుండానే 1725లో చనిపోయాడు. లక్ష థాలర్లు ఎవరూ ఇవ్వలేదు. 1745 నవంబరులో ఫుర్‌స్టెన్‌బెర్గ్‌లో, తాను కడుతున్న గాలిమర మీది నుంచి కిందపడి బెస్లర్ మరణించాడు.